పేరుంచండి చాలు

మా అబ్బాయి తన ఫోన్ సెట్టింగుల్లో 'ఓపెన్ సోర్స్ లైసెన్సులు' అన్నచోట నొక్కి చూపించాడు. పేజీలకి పేజీలు పేర్లే! ప్రోగ్రాములు రాసి ఊరికే వాడుకోమని ఇచ్చినవాళ్ళవిట. ఎం.ఐ.టి. లైసెన్సని ఒకటుంది. అది కోరేదల్లా మా పేరూ, ఈ అనుమతి పత్రమూ తీసెయ్యకండి అనే. 1993లో మొదలైన డెబియన్ అనే కంప్యూటర్ వ్యవస్థలోనైతే ప్రతి ప్యాకేజీకీ 'కాపీరైట్' ఫైలుండాలి. ఏ ముక్క ఎవరిదో, ఏ షరతు మీద ఇచ్చారో అందులో రాయాలి. కొత్త ప్యాకేజీ వస్తే అది సరిచూశాకగానీ లోపలికి రానివ్వరు.

"ఎవరు చదువుతార్రా ఇదంతా?"

"ఎవరూ చదవరమ్మా."

చదవనప్పుడు చెరిపేస్తే తప్పేమిటి? తప్పేననిపించింది నాకు. ఊరికే ఇచ్చినవాళ్ళకి మనం తీర్చగలిగింది అదొక్కటేగా!

మా పిన్ని చెప్పిన మాగాయ కొలతలు ఇరవై ఏళ్ళుగా నా పుస్తకంలో ఉన్నాయి, ఆవిడ పేరు లేకుండా. మొన్న మా కోడలు వాటిని ఎత్తిరాసుకుంటూ పైన 'అత్తయ్యగారి మాగాయ' అని పెట్టింది. నేనేమీ అనలేదు.