ఉప్పు తిన్న ఋణము

ఉప్పు తిన్న యింటికి కీడు తలపెట్టరాదని మన పెద్దలు పిల్లలకు నూరిపోసెడివారు. తరతరములుగా అరవనాట స్థిరపడిన మన కుటుంబములలో ఎన్ని తెలుగుమాటలు జారిపోయినను ఈ మాట మాత్రము నిలిచియున్నది. అయితే మనము నిత్యము తినుచున్న ఉప్పువలన ఎవరికి ఋణపడితిమో ఆలోచించుట అరుదు. ఆ ఋణమును గూర్చియు, దానిలో దాగిన యొక ధర్మసందేహమును గూర్చియు మాకు తోచినంత విన్నవింపదలచితిమి.

గొంతు ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారమున థైరాయిడ్ గ్రంథి యున్నది. దేహపు వేడిమి, పెరుగుదల, బుద్ధివికాసము దాని స్రావముపై ఆధారపడియున్నవి. ఆ స్రావము తయారగుటకు అయొడిన్ కావలెను. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు, గర్భవతులకు 250 మైక్రోగ్రాములు చాలును. జీవితమంతటికి కలిపినను ఒక చిన్న చెంచాకు మించదు. ఆ కొంచెము దొరకనిచోట గ్రంథి ఉబ్బి గళగండమగును. సుశ్రుతసంహితలోనే ఈ వ్యాధి ప్రస్తావన యున్నది. వానలకు, మంచునకు నేలలోని అయొడిన్ కొట్టుకొనిపోయిన హిమాలయప్రాంతములలో ఇది ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడించెను.

ఈ వ్యాధిపై మన దేశమున జరిగిన ప్రసిద్ధ పరిశోధనకు సారథి తెలుగువారే. వులిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి, మన కోయంబత్తూరు సీమకు ఎగువనున్న కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమున కొన్నియేండ్లు పనిచేసిరి. 1956లో వారును వారి సహచరులును కాంగ్రాలోయలో దాదాపు లక్షమంది ప్రజలు గల ప్రాంతమును మూడు మండలములుగా విభజించిరి. అక్కడి జనులలో మూడవవంతునకు పైగా గళగండము గలవారే. రెండు మండలములకు అయొడిన్ కలిపిన ఉప్పును, మూడవదానికి కలపని ఉప్పును సరఫరా చేయించిరి. 1962లో మరల పరీక్షింపగా మొదటి రెండింట వ్యాధి బాగుగా తగ్గెను. మూడవదానియందు చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు.

ధర్మసందేహమిచ్చటనే పుట్టుచున్నది. అయొడిన్ మేలు చేయునని లోకమునకు అప్పటికే తెలియును. అమెరికాలోని ఆక్రన్ నగరమున డేవిడ్ మెరీన్ అను వైద్యుడు 1917లో ప్రారంభించి పాఠశాల బాలికలకు అయొడిన్ ఇచ్చి చూపెను. అట్లు తెలిసిన మందును మూడవ మండలమువారికి ఆరేండ్లపాటు ఇయ్యకుండుట న్యాయమా? ఆ యేండ్లలో అక్కడ తల్లిగర్భమున నున్న శిశువులకు పోయిన కాలమును ఎవరు తిరిగి ఇత్తురు?

దీనికి సమాధానమును తేలికగా తీసివేయరాదు. ఆక్రన్ బాలికలకు మందు చేతికిచ్చిరి. మన దేశమున నిరుపేదకు అందవలసినది ఉప్పుద్వారా. మన ముతక ఉప్పులో, ఆ తేమలో, ఆ కొండదారులలో అయొడిన్ నిలుచునా, నిలిచినను వ్యాధిని తగ్గించునా యన్నది పరీక్షించి తేల్చవలసియుండెను. పోల్చి చూచుటకు వేరొక మండలము లేనియెడల, తిండి మెరుగుపడుటచేత తగ్గెనని యొకరు, నీరు మారుటచేత తగ్గెనని యొకరు వాదించెడివారు. రుజువు లేనిదే ఖజానా తెరువబడదు. అంతేగాక, గర్భస్థశిశువు మెదడునకు అయొడిన్ లోపము చేయు హానిని నివారింపవచ్చునని పరీక్షాపూర్వకముగా తేలినది తరువాతనే. పాపువా న్యూగినీలో 1966లో ఆరంభమైన పరిశోధనలో కుటుంబము విడిచి కుటుంబమునకు అయొడిన్ నూనె సూదిమందు ఇచ్చి దానిని నిరూపించిరి. అచ్చటను కొందరికి మందు లేకపోవుటచేతనే అందరికిని జ్ఞానము కలిగినది.

కూనూరు పరిశోధనాలయమునకు మూలపురుషుడైన రాబర్టు మెకారిసన్ గిల్గిత్ ప్రాంతమున గళగండమునకు కారణమును వెదకుచు, అక్కడి మురికినీటి మడ్డిని తానును త్రాగి, ఒప్పుకొన్నవారిచేతను త్రాగించెను. దోషమంతయు నీటిదేయన్న ఆయన అభిప్రాయము పూర్తిగా నిలువలేదు. కాని తన మెడను ముందు పెట్టి పిమ్మట ఇతరుల మెడలను పరీక్షించిన ఆ పద్ధతి గౌరవింపదగినది. అయినను ఒక్కని త్యాగముతో లక్షమంది సంగతి తేలదు. తానొక్కడే త్రాగి చూచుటకు వీలులేని ప్రశ్నలు వైద్యశాస్త్రమున అనేకములు గలవు.

కావున మా నిర్ణయమిది. కొందరిని నిరీక్షింపజేసి సంపాదించిన జ్ఞానము ఆర్జనము కాదు, అప్పు. అప్పు చేయుట పాపము కాదు, ఎగవేయుట పాపము. తొలి వాయిదా వేచియున్నవారికే చెల్లింపవలెను. కాంగ్రాలో 1962 నుండి మూడవ మండలమునకును అయొడిన్ ఉప్పు నిచ్చిరి. అక్కడను వ్యాధి తగ్గినది. ఆ యేడాదియే జాతీయ గళగండ నివారణ కార్యక్రమము ఆరంభమైనది. కాని అది అప్పుడు వ్యాధి మెండుగానున్న ప్రాంతములకే పరిమితము. దేశమందలి తినెడి ఉప్పునంతటిని అయొడిన్ ఉప్పుగా మార్చవలెనను నిర్ణయము 1984లోగాని జరుగలేదు. అమలు 1986 నుండి మెల్లమెల్లగా సాగెను. తెలిసికొనుటకు పట్టినది ఆరేండ్లు; తెలిసిన పిమ్మట ఆలసించినది ఇరువదిరెండేండ్లు. శాస్త్రజ్ఞుని నిలదీయువారు ఈ రెండవ లెక్కను గూడ చూడవలెను. మొదటి నిరీక్షణకు ఒక ప్రయోజనమున్నది, రెండవదానికి ఏమున్నది?

ఇక సమ్మతి మాట. కాంగ్రా పరిశోధన జరుగునాటికి ఇట్టి పనులకు మన దేశమున వ్రాతపూర్వకమైన నీతినియమావళి లేదు. మానవులపై పరిశోధనను గూర్చి హెల్సింకి ప్రకటన వెలువడినది 1964లో. భారత వైద్య పరిశోధనా మండలి తన నీతిసూత్రములను ప్రకటించినది 1980లో. ఆనాడు ఆ మండలికి అధిపతి రామలింగస్వామిగారే. ఇప్పుడు పరిశోధనకు రక్తము తీయవలెనన్నను కాగితముపై సమ్మతి కావలెను. అది మంచిదే. అయితే బోడినాయకనూరులో ఏలకుల కొట్టు గుమాస్తాగా బహుకాలము పనిచేసిన మేము వేలిముద్రలు ఎన్నో చూచితిమి. ముద్ర పడినంతమాత్రమున మనసు పడినట్లు కాదు. మన యిండ్లలో తెలుగు మాటలాడుదురు గాని చదువునది అరవము. కాగితము అరవమున నుండును, వైద్యుడు సగము ఇంగ్లీషున చెప్పును, అవ్వకు అర్థమగునది ఇంటి తెలుగు. ఆ మూడింటిని కలిపి ఆమెకు నిదానముగా విప్పిచెప్పవలసిన బాధ్యత చదువుకొన్న మనుమనిది, మనుమరాలిది. ఏమి పరీక్షింతురు, ఏమి నష్టము కలుగవచ్చును, ఫలితము మాకును తెలుపుదురా, నడుమ మానుకొనవచ్చునా అని అడుగుట అవిధేయత కాదు. అన్నియు అడిగి, తెలిసి ఒప్పుకొనుట దానము. తెలియక ఒప్పుకొనుట దోపిడికి తలుపు తీయుట. అట్లని పరిశోధనయనగానే భయపడి ఇంటివారందరును తప్పుకొనుటయు ధర్మము కాదు. ఇతరులు వేచియుండి సంపాదించిన ఫలము మనము తినుచున్నాము గదా.

మరియొక చిన్న వాయిదా వంటయింటిలోనే చెల్లింపవచ్చును. అయొడిన్ కలపని ఉప్పును నేరుగా తినుటకై అమ్మరాదని 2006 నుండి దేశమంతట నిషేధమున్నది. అయినను సంతలో కల్లుప్పు కొలిపించుకొనుటకు ముందు, సంచిపై అయొడిన్ మాట ఉన్నదా యని చూచువారు ఎందరు? తేమ తగులకుండ మూతపెట్టి దాచుట, పులుసు దింపిన పిమ్మట ఉప్పు వేయుట శ్రమ కాదు. ముఖ్యముగా ఇంట గర్భవతి యున్నప్పుడు ఇది మరువరాదు. కాంగ్రాలో చప్పిడిగాని చవిలేనిదిగాని కాని ఉప్పునే తినుచు, అందులో లేనిది ఏదో తమకు తెలియకయే, ఆరేండ్లు గడపిన తల్లులు గలరు. వారి పేర్లు మనమెరుగము. వారి ఉప్పు మనము తిన్నాము.