గుట్ట మీది రెండు అక్షరాలు

కాలిఫోర్నియాలో లోన్ పైన్ అనే చిన్న ఊరికి పడమటి దిక్కున సియెరా నెవాడా కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ అన్సెల్ ఆడమ్స్ అక్కడ తీసిన 'వింటర్ సన్‌రైజ్' ఫొటో 1944 నాటిదని చెబుతారు. పైన తొలి ఎండ తగిలిన మంచు శిఖరాలు, వాటి ముందు నల్లటి గుట్టలు, అడుగున చెట్ల మీద పడ్డ వెలుగు చార, ఆ చారలో మేస్తున్న గుర్రం. ఆ ఒక్క ఫొటో కోసం ఆయన వరుసగా కొన్ని రోజులు తెల్లవారకముందే, గడ్డకట్టే చలిలో అదే చోటికి వెళ్లి కాచుకున్నారు. వెలుగు కుదిరిన రోజున గుర్రమేమో వెనక్కి తిరిగి మేస్తోంది. ఆ వెలుగు కాస్తా పోయేలోగా అది పక్కకు తిరిగింది. ఫొటో దొరికింది.

అంత ఓర్పుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ ఆ కథలో ఇంకో ముక్క ఉంది. ఎడమ పక్క గుట్ట మీద హైస్కూలు పిల్లలు తెల్లరంగు వేసిన రాళ్లతో తమ ఊరి పేరులోని తొలి అక్షరాలు, ఎల్, పి, పేర్చి పెట్టారు. నెగెటివ్‌లో అవి స్పష్టంగా పడ్డాయి. ఆడమ్స్ నెగెటివ్ మీద తుడవగలిగినంత తుడిచేశారు. ప్రింటులో మిగిలిన జాడనూ చెరిపేశారు. ఈ సంగతి ఆయన దాచలేదు. కొండకు చేసిన గాయాన్ని కలకాలం నిలిపి ఉంచాల్సిన బాధ్యత తనకు లేదని నమ్మారు.

ఆయన వాదన నాకు అర్థమవుతుంది. మనుషుల గీతలు లేని చోట కాసేపు నిలబడాలన్నది తప్పుడు కోరిక కాదు. ఊళ్లో రోజంతా బోర్డులు, ఫ్లెక్సీలు, గోడరాతలు చదివీ చదివీ అలసిన కన్ను ఖాళీ కొండనే వెతుక్కుంటుంది. అయినా ఆ రెండు అక్షరాలు నన్ను వదలవు. ఆ పిల్లలకు ఆ గుట్ట దృశ్యం కాదు, వాళ్ల ఊరు. మాదీ అని చెప్పుకోవడానికి రాళ్లు మోసుకుంటూ పైకెక్కారు. ఫ్రేముకు అవతల ఉండిపోయినదానికీ, ఫ్రేములో ఉండగా చెరిపేసినదానికీ తేడా లేదా? మొదటిది తప్పించుకోలేం, ఏ లెన్సూ అంతటినీ చూడలేదు. రెండోది మాత్రం మనం తీర్చిన తీర్పు.

అసలు ఆడమ్స్ ఆ రోజుల్లో ఆ ప్రాంతానికి వచ్చింది కొండల కోసం కాదు. లోన్ పైన్‌కు ఉత్తరాన, సుమారు 15 కిలోమీటర్ల దూరంలో మాంజనార్ నిర్బంధ శిబిరం ఉండేది. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక, 1942లో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న 1,20,000 మందిని, అందులో ఎక్కువ మంది ఆ దేశ పౌరులే, ఇళ్లలోంచి లేపి ఇలాంటి శిబిరాల్లో పెట్టింది. ఒక్క మాంజనార్‌లోనే ఒక దశలో 10,000 మందికి పైగా ఉన్నారు. ఆడమ్స్‌కు అది అన్యాయమనిపించింది. వాళ్ల ముఖాలను దగ్గరగా, గౌరవంగా తీసి, యుద్ధం సాగుతుండగానే 1944లో 'బోర్న్ ఫ్రీ అండ్ ఈక్వల్' పుస్తకం వేశారు. అది చిన్న ధైర్యం కాదు. చుట్టూ ఉన్న ఆ మహా పర్వతాలు శిబిరంలోని మనుషులకు మనోబలం ఇచ్చాయని కూడా ఆయన రాశారు.

నేను ఆగిపోయేది ఇక్కడే. ముళ్ల కంచె లోపల నిలబడి చూసేవాడికీ, ఎప్పుడంటే అప్పుడు కారెక్కి వెళ్లగలిగినవాడికీ కొండ ఒక్కటేనా?

అదే శిబిరంలో తోయో మియాతాకే ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో నడిపిన ఫొటోగ్రాఫర్. నిర్బంధితులు కెమెరా ఉంచుకోకూడదు. ఆయన ఒక లెన్సును రహస్యంగా లోపలికి తెచ్చుకుని, చెక్కతో పెట్టె చేయించి, దానికి బిగించారు. చూసేవాళ్లకు అది మామూలు చెక్కపెట్టె. సంగతి బయటపడ్డాక అధికారులు ఆయన్నే శిబిరం ఫొటోగ్రాఫర్‌గా ఒప్పుకున్నారు, కానీ మొదట్లో ఒక షరతు పెట్టారు. కెమెరా నిలబెట్టడం, ఫ్రేము చూసుకోవడం, వెలుగు కొలవడం అన్నీ ఆయన చేయవచ్చు, షట్టర్ మాత్రం తెల్లవాడే నొక్కాలి. ఆ ఫొటోలు ఎవరు తీసినట్టు? కన్ను ఒకరిది, వేలు ఒకరిది. ముళ్ల కంచె వెనక నిలబడ్డ ముగ్గురు పిల్లల ఫొటో తీసింది ఈయనే.

ఇలాంటి ప్రశ్నలు మన దగ్గరా ఉన్నాయి. మన అరకు లోయలో చలికాలం మొదట్లో వలిసె పూలు పూస్తాయి. ఫొటోలు తీసేవాళ్లం ఎంత లెక్క వేసుకుంటామో! సూర్యుడు ఏ కొండ సందులోంచి వస్తాడో ఫొటోపిల్స్ యాప్‌లో ముందే చూసుకుంటాం. మంచు ఎంతసేపు నేలను పట్టుకుని ఉంటుందో, పూల పసుపు రంగు వెలిసిపోయినట్టు కనబడకుండా ఎటు నిలబడాలో ఆలోచిస్తాం. కరెంటు తీగలు అడ్డొస్తే ఇంటికొచ్చి చెరిపేద్దామనుకుంటాం. చేలో గిరిజన మహిళ కనబడితే కొందరు, "అమ్మా, కాస్త పక్కకు" అంటారు. ఇంకొందరు ఆమెను తట్ట నెత్తిన పెట్టుకుని మళ్లీ ఒకసారి అటునుంచి ఇటు నడవమంటారు. రెండోది ప్రేమలా కనిపిస్తుంది గానీ, రెండింటిలోనూ ఆమె ఎక్కడుండాలో చెప్పేది మనమే. ఆ పువ్వు ఆమెకు నూనెగింజ. తొక్కిన మొక్క గింజ కట్టదు. అందుకే కొందరు రైతులు చేలోకి దిగేవాళ్ల దగ్గర కొంత డబ్బు తీసుకుంటున్నారు. దాన్ని దోపిడీ అని విసుక్కునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మనుషుల్ని తెచ్చి ప్రతి ఫొటోలో పెట్టమని నేననడం లేదు. ఎవరూ లేని శిఖరం ఎవరూ లేనట్టే కనబడాలి. కరెంటు తీగల దగ్గర మాత్రం నాకింకా తేలలేదు. ఆ ఊరి పిల్లలు రాత్రి చదువుకునేది ఆ తీగలు మోసే వెలుగులోనే. వాటిని చెరిపితే దృశ్యం శుభ్రపడుతుంది, నిజమే. ఆ శుభ్రం ఎవరి కోసం? యాప్‌లో సూర్యుడి దారి వెతికేముందు, ఆ చేను ఎవరిదో, ఈ ఏడు పంట ఎలా ఉందో ఊళ్లో అడిగి వస్తే, ట్రైపాడ్ అదే చోట పెడతామా?