తల్లి ఇచ్చే తొలి రక్షణ



దేవదూత వర్తమానం అందుకున్న మరియమాత, ఆరవ నెల గర్భవతియైన ఎలిశబేతమ్మ ఇంటికి త్వరపడి వెళ్లి, సుమారు మూడు నెలలు ఆమెకు తోడుగా ఉన్నట్లు లూకా సువార్తికుడు తెలియజేస్తున్నాడు. కడుపుతో ఉన్న తల్లికి తోడు ఎంత అవసరమో ఈ సందర్శనం మనకు నేర్పుతుంది.

మన దేహంలోని రోగనిరోధక శక్తి కావలివాని వంటిది. పరాయిదాన్ని గుర్తుపట్టి తరిమివేస్తుంది. వేరొకరి మూత్రపిండాన్ని అమర్చినా, తగిన మందులు వాడకపోతే తిరస్కరిస్తుంది. కడుపులోని బిడ్డలో సగం తండ్రినుండి వచ్చినదే గదా! మరి తల్లి దేహం బిడ్డను ఎందుకు తోసివేయదు? 1953లో పీటర్ మెడవార్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్న లేవనెత్తాడు. కావలివాడు నిద్రపోవడం లేదని తరువాతి పరిశోధనలు తెలిపాయి. కొన్ని తెల్లరక్తకణాలు బిడ్డపై దాడి జరగకుండా ఆపుతాయి. మరికొన్ని మాయకు రక్తం బాగా అందేలా గర్భసంచిలోని రక్తనాళాలను సిద్ధం చేస్తాయి. కాపలా మానకుండానే చోటివ్వడం అంటే ఇదే. సృష్టికర్త తల్లి దేహంలో ఉంచిన ఈ ఆదరణ, కొత్తగా వచ్చిన కోడలిపట్ల మన ఇళ్లలో కనబడుతున్నదా?

అయినా గర్భిణికి ఫ్లూ, మలేరియా వంటివి సోకితే తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ. ఆమెకు జ్వరం వస్తే “అదే తగ్గుతుందిలే” అని ఊరుకోరాదు.

తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. చివరి మూడు నెలల్లోనే ఎక్కువగా చేరతాయి గనుక, నెలలు నిండక పుట్టిన బిడ్డను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. గర్భిణికి వేసే ధనుర్వాతపు టీకా పసికందునూ కాపాడేది ఈ విధంగానే.

పుట్టాక ముర్రుపాలు ఆ రక్షణను కొనసాగిస్తాయి. పసుపుపచ్చగా, చిక్కగా ఉండే ఆ పాలు బిడ్డ పేగులకు పూతవలె కాపుదల ఇస్తాయి. కొన్ని ఇళ్లలో వాటిని పిండి పారబోసి, తేనె, పంచదార నీళ్లు నాకిస్తారు. పెద్దలారా, దయచేసి ఈ అలవాటు మానండి. పుట్టిన గంటలోపే పాలు పట్టించండి. ఆరు నెలలవరకు తల్లిపాలే చాలు, నీళ్లు కూడా వద్దు. పాలు పడని తల్లిని నిందించక, వైద్యుల సలహా తీసుకోండి.

తల్లినుండి రక్తంలో వచ్చిన రక్షణ కొన్ని నెలల్లో తరిగిపోతుంది. అందుకే పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా. ఆపై 6, 10, 14 వారాలకు మిగిలినవి. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా వేయించాలి. బిడ్డ జ్ఞానస్నానపు తేదీని ఎంత శ్రద్ధగా నిర్ణయిస్తామో, టీకా తేదీనీ అంత శ్రద్ధగా గుర్తుంచుకోవాలి.

మీ వీధిలో పుట్టింటి ఆసరా లేని గర్భిణి ఉండవచ్చు. ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లండి, ఒక పూట వండిపెట్టండి. మరియమాత ఎలిశబేతమ్మ ఇంటికి వెళ్లినట్లు మనమూ వెళ్లడానికి ప్రభువు మనకు మంచి మనసు దయచేయునుగాక. ఆమెన్.