బుగ్గ దగ్గర దోసిలి



తపస్సుకాలము మూడవ ఆదివారమున 'ఏ' సంవత్సరపు పఠనాలు నీటి చుట్టూనే తిరుగుతాయి. మొదటి పఠనంలో మోషే హోరేబు వద్ద రాతిని కొట్టగా నీళ్లు వచ్చాయి (నిర్గమ 17:3-7). సువిశేషంలో, నడచి అలసిన యేసుప్రభువు యాకోబు బావి దగ్గర కూర్చుని, ఒక సమరియ స్త్రీని దాహానికి అడిగారు (యోహాను 4:5-42).

రాతిలోనుండి నీళ్లు రావడం కర్నూలు, కడప సీమల వారికి కొత్త సంగతి కాదు. కొండ పగులులోనుండి ఉబికే ఊటను మన పెద్దలు 'బుగ్గ' అన్నారు. కడప పట్టణం మధ్యగా పారే బుగ్గవంక పేరులోనే ఆ మాట ఉంది. నంద్యాల దగ్గర నల్లమల అంచున మహానంది కోనేటిలో నీళ్లు అడుగు కనబడేంత తేటగా ఉంటాయి. అవే పారి దిగువనున్న పొలాలను, అరటి తోటలను తడుపుతాయి. బనగానపల్లె దగ్గర యాగంటి పుష్కరిణిని నింపేదీ కొండ ఊటే. ఇవి మన హిందూ సోదరుల పుణ్యక్షేత్రాలు. ఇక పశువుల కాపరులకు, కట్టెలకు పోయేవారికి మాత్రమే తెలిసిన చిన్న ఊటలు మన కోనలలో ఉన్నాయి.

ఊట ఎలా పుడుతుంది? కొండమీద పడిన వానను చెట్లు, గడ్డి నిలుపుతాయి. నిలిచిన నీరు రాతి పగుళ్లలోకి మెల్లగా ఇంకుతుంది. లోపల నీరు దిగని గట్టి పొర అడ్డుపడితే, పక్కకు మళ్లి కొండవాలున బయటపడుతుంది. కనుక ఎండాకాలంలో మనం తాగేది ఎప్పుడో కురిసిన వానను. అందులో మన కష్టం ఏమీ లేదు. పైన చెట్లు నరికితే మాత్రం కింద ఊట ఎండుతుంది.

అలాంటి ఊట దగ్గరకు మీరు నీళ్లకు వెళ్లినప్పుడు ఏమి చేస్తారు? చెప్పులు విడిచి, వంగి, రెండు చేతులూ కలిపి దోసిలి పడతారు. ఆసామి అయినా, జీతగాడు అయినా ఊట ముందు వంగక తప్పదు. నీ ఇంటిపేరేమిటి, నీది ఊరా పల్లెనా అని ఊట అడగదు.

కాని కొండ దిగి ఊరిలోకి వచ్చేసరికి అదే దోసిలికి అర్థం మారిపోయింది. తరతరాలుగా దళితులు బావి గట్టు ఎక్కరాదన్నారు. ఎవరో దయతలచి ఎత్తునుండి పోస్తే, చెంబు తగలకుండా దోసిలి పట్టి తాగమన్నారు. కొండమీద అందరినీ సమానం చేసిన దోసిలిని ఊరిలో అవమానానికి గుర్తుగా చేసినది మనుషులమే.

1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. బావులు, చెరువుల వాడకంలో కులభేదం చూపరాదన్నది. అయినా 1985లో, మన పొరుగున నాటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఏమి జరిగింది? తాము తాగే చెరువు నీటిని పాడుచేయవద్దని దళితులు అన్నందుకు గొడవ మొదలైంది. బిందెతో నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ ఎదురు నిలిచింది. మరునాడు, జులై 17న, జరిగిన దాడిలో ఆరుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు.

అది బయటివారి సంగతి అనుకోకండి. శ్రీసభలో కూడా ఈ వివక్ష ఉన్నదని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో తన విధానపత్రంలో ఒప్పుకున్నది. ఒకే జ్ఞానస్నానపు నీటిలోనుండి పుట్టిన మనం, ఒకే పాత్రనుండి దివ్యసత్ప్రసాదం అందుకునే మనం, గుడి బయటికి వచ్చాక వేరువేరు కడవలవారమైతే, ఆ రెండు సంస్కారాలకు మనమిచ్చే సాక్ష్యమేమిటి?

ఇప్పుడు సువిశేషాన్ని మళ్లీ చూడండి. యూదులు సమరియులతో పొత్తు పెట్టుకోరు. ప్రభువు దగ్గర చేదుకునే పాత్ర లేదు. జీవజలాన్ని ఇవ్వగలిగినవారు మొదట ఆమెకు ఏమీ ఇవ్వలేదు. ఆమె కడవలోని నీళ్లే అడిగారు! ఇవ్వడం సులువు సహోదరులారా. ఇచ్చేవాడి చేయి పైనే ఉంటుంది. చలివేంద్రం పెట్టవచ్చు, ట్యాంకరు తోలించవచ్చు, అయినా మన గర్వం చెక్కుచెదరదు. "అమ్మా, దాహంగా ఉంది, కొంచెం నీళ్లు పోయి" అని ఆ ఇంటి ముందు నిలబడడమే కష్టం. ప్రభువు ఆ కష్టమైన పనినే మొదట చేశారు. తరువాత ఆ ఊరివారు బతిమాలగా రెండు రోజులు వారి నడుమనే ఉన్నారు.

కనుక ఈ తపస్సుకాలములో మాంసం మానడంతో ఆగిపోవద్దు. మీ విచారణలో మీరు ఇంతవరకు గడప తొక్కని ఇల్లు ఒకటి ఉంటుంది. వెళ్లి కూర్చోండి. నీళ్లు అడిగి, వారి చెంబుతోనే తాగండి. మీ పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లండి. చూసినది వారు మరచిపోరు. ఊటకు వెళ్లినప్పుడు అక్కడ బట్టలు ఉతకవద్దు, ప్లాస్టిక్ సీసాలు పారవేయవద్దు. తేటగా కనబడినంత మాత్రాన ఏ నీరూ మంచిది కాదు; ఇంటికి తెచ్చి కాచి తాగండి. మీ వెనుక వచ్చి దోసిలి పట్టేవాడు ఎవరైనా సరే, మీ సహోదరుడే.

ఇక, ఇన్నాళ్లూ దూరం నుండి పోసిన నీళ్లు తాగినవారలారా, మీ కడవ తక్కువది కాదు. సాక్షాత్తు దేవుని కుమారుడు దాహమై అడిగినది అటువంటి కడవనే.

జీవజలపు ఊటయైన ప్రభువు మన కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.