వెనకొచ్చేవాళ్ల శుచి

శుచి ఎవరి కోసం? పతంజలి చెప్పిన నియమాలు ఐదింటిలో మొదటిది శౌచం. మనుస్మృతి అయితే ఏ చేతిని మట్టితో ఎన్నిసార్లు కడుక్కోవాలో లెక్కగట్టి మరీ చెప్పింది. ఈ లెక్కంతా కడుక్కునేవాడి ఒంటి గురించే. ఆ లెక్కకు ముంబైలో దాదర్ తూర్పున, నాయ్‌గావ్ బీడీడీ చాళ్లలో గట్టి పరీక్షే ఎదురైంది.

1920లలో కట్టిన ఒంటిగది ఇళ్ల చాళ్లవి. మా పెదనాన్న మిల్లు పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. 160 చదరపు అడుగుల ఖోలీ. మూలన స్నానానికీ గిన్నెలకూ కలిపి మోరీ. సండాసు మాత్రం అంతస్తులో అందరికీ ఉమ్మడి. పొద్దున్నే డబ్బాలు పట్టుకుని వరుస, లోపల ఆలస్యమైతే తలుపు మీద దబదబా దెబ్బలు.

కరీంనగర్ నుంచి వెళ్లిన మా నాయనమ్మకు అది మింగుడుపడలేదు. పదిమంది పోయిన చోటికి పోయొచ్చి దీపం ఎట్లా పెట్టేది? పోయొచ్చిన ప్రతిసారీ నెత్తిమీద నీళ్లు పోసుకునేది. నల్లా వచ్చేది కాసేపే. పీపాలో నీళ్లు అడుగంటాయి. పెద్దమ్మ ఓపిక పట్టి పట్టి ఒకరోజు అనేసింది: "అత్తా, ఆ నీళ్లేవో నెత్తిమీద కాదు, సండాసుల పొయ్యి. నీ ఎనక పోయేది చిన్న పోరగాండ్లు. గదే మడి."

శాస్త్రం చదవని పెద్దమ్మ ఆ మాటతో శౌచాన్ని ఒంటి మీది నుంచి తీసి చోటు మీద పెట్టింది.

మన సంప్రదాయం దీన్ని తలకిందులు చేసింది. మలినం చేసినవాడు మునిగి లేచి శుచి అయ్యాడు; దాన్ని ఎత్తినవాడు తరతరాలకూ అంటరానివాడయ్యాడు. కోలార్ బంగారు గనుల దగ్గర ఆ పని చేసిన తెలుగు కుటుంబంలోనే బెజవాడ విల్సన్ పుట్టాడు. ఆ పని మాన్పించడానికి సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టినందుకు 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993 చట్టం నిషేధించింది. రక్షణ లేకుండా మురుగు కాల్వల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా దించుతూనే ఉన్నారు, వాళ్లు చస్తూనే ఉన్నారు.

అదే దాదర్‌లో చైత్యభూమి ఉంది. ఏటా డిసెంబర్ 6న అంబేడ్కర్‌కు మొక్కడానికి లక్షల మంది వస్తారు. వాళ్ల కోసం శివాజీ పార్కులో తాత్కాలిక మరుగుదొడ్లు పెడతారు. ఆ వరుసలో నీ ముందున్నది ఎవరో, వెనకున్నది ఎవరో తెలియదు. ముందు పోయినవాడి కులం నీకు అవసరం లేదు. అతను నీళ్లు పోశాడా లేదా అన్నదే అవసరం.

బీడీడీ చాళ్లు ఇప్పుడు కూల్చి 500 చదరపు అడుగుల ఫ్లాట్లు కడుతున్నారు. ఎవరి మరుగుదొడ్డి వాళ్లకే. మంచిదే. కానీ గొట్టం కిందికి దిగాక మళ్లీ అందరిదీ ఒకటే కాలువ.

కాబట్టి నాకు తోచిన నియమం ఇది. రైలులో గానీ, బస్టాండులో గానీ, గుడి వెనక గానీ, మీ తర్వాత వచ్చే మనిషి ముక్కు మూసుకోకుండా లోపల అడుగు పెట్టగలిగితే మీరు శుచిగా ఉన్నట్టు. లేదంటే ఆ పైన ఎన్ని మునకలు వేసినా అది ఒట్టి స్నానమే.