కొత్త కాపురం, ఇంటి అలంకరణ – హద్దు ఎక్కడ?

హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్లే రోడ్డు మీద మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు సాగితే, రెండు పక్కలా ముసలి మర్రిచెట్లు కనిపిస్తాయి. ఆమధ్య ఒక ఆదివారం మేము ఆ దారిన చేవెళ్ల వెళ్లినప్పుడు, మాకు పరిచయమున్న ఒక కుటుంబంలోని అబ్బాయి పట్టుబట్టి మమ్మల్ని తన ఇంటికి తీసుకువెళ్లాడు. అతనికి పెళ్లయి అప్పటికి మూడు నెలలు. రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న అద్దె పోర్షను. కింద తాండూరు బండలు. ఒక గదిలో ఇనుప మంచం, ట్రంకుపెట్టె. రెండో గదిలో చాప, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. గోడగూటిలో దివ్యఖుర్ఆన్. కిటికీ అద్దాలకు పాత దినపత్రిక కాగితాలు అంటించి ఉన్నాయి. కిటికీ గట్టు మీద గాజుసీసాలో నాలుగు చామంతి పూలు.

అబ్బాయి ఎలక్ట్రీషియను. మొయినాబాదు చుట్టుపక్కల ఫాంహౌసుల్లో దీపాలు, ఫ్యాన్లు బిగించే పని చేస్తాడు. “చచా! జహేజ్ కింద ఒక్క చెంచా కూడా తీసుకోలేదు. జోడే కీ రఖం మాటే ఎత్తలేదు. మా ఇల్లు చూడండి, పూర్తిగా సున్నత్ ప్రకారం ఉంది” అన్నాడు సంతోషంగా. మేము మనస్ఫూర్తిగా అతన్ని అభినందించాము. ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అంతలో అతని భార్య తలుపు చాటు నుండి టీ కప్పులు అందిస్తూ మెల్లగా అడిగింది: “చచా! కిటికీకి ఒక పరదా, కింద పరచుకోవడానికి ఒక తివాచీ, చుట్టాలొస్తే వేయడానికి ఒక పరుపు. ఇవి కొనుక్కోవడం కూడా ఇస్రాఫేనా? నా మహర్ డబ్బుతోనే కొంటానన్నాను. అదీ వద్దన్నారు.”

అబ్బాయి తల దించుకున్నాడు. మేము కూడా వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ప్రశ్న చూడటానికి చిన్నదే అయినా, దాని వెనుక పెద్ద ప్రశ్న ఉంది. విశ్వాసి ఇల్లు ఎంత అందంగా ఉండవచ్చు? నిరాడంబరతకు, దుబారాకు మధ్య గీత ఎక్కడుంది? ఆ గీత గీసే హక్కు ఎవరిది? ఆ రోజు మేము అక్కడ చెప్పిందీ, తరువాత ఆలోచించిందీ కలిపి పాఠకుల ముందుంచుతున్నాము.

ఇల్లు అల్లాహ్ అనుగ్రహం

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఇస్లాం అందాన్ని ద్వేషించే ధర్మం కాదు. నహ్ల్ సూరా 80వ ఆయతులో అల్లాహ్ తన అనుగ్రహాలను లెక్కిస్తూ, మన ఇళ్లను మనకు ప్రశాంత నిలయాలుగా చేశానని తెలియజేశాడు. అదే ఆయతులో పశువుల చర్మాలతో చేసుకునే గుడారాలనూ, వాటి ఉన్నితో, వెంట్రుకలతో తయారయ్యే ఇంటి సామగ్రినీ కూడా తన వరాలుగానే పేర్కొన్నాడు. అంటే గోడలు, కప్పు మాత్రమే కాదు, ఇంట్లో పరచుకునే వస్తువు కూడా ఆయన ప్రసాదించినదే. ఆరాఫ్ సూరాలోనైతే, అల్లాహ్ తన దాసుల కోసం వెలికితీసిన అలంకరణను నిషేధించినవారెవరని నిలదీయడం జరిగింది. దానికి ముందున్న ఆయతులోనే తినండి, తాగండి, కాని మితిమీరకండి అన్న హితవు కూడా ఉంది. అనుమతీ, హద్దూ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం వల్లనే చిక్కులన్నీ వస్తున్నాయి.

ఇక రూమ్ సూరా 21వ ఆయతులో, భార్యాభర్తలు ఒకరి దగ్గర ఒకరు ప్రశాంతత పొందాలన్నది అల్లాహ్ సూచనల్లో ఒకటిగా చెప్పబడింది. ఇంటికీ ప్రశాంతతే లక్ష్యం, దాంపత్యానికీ ప్రశాంతతే లక్ష్యం. కనుక ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా, అది ఈ ప్రశాంతతను పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నదే మొదటి కొలబద్ద.

రెండు ఇళ్లు, రెండు సంఘటనలు

ఈ విషయంలో బుఖారీ హదీసు గ్రంథంలో రెండు సంఘటనలున్నాయి. పైకి చూస్తే అవి ఒకదానికొకటి భిన్నంగా తోస్తాయి.

మొదటిది హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారిది. ఆయన తండ్రి ఉహుద్ యుద్ధంలో అమరులయ్యారు. అప్పులూ, ఏడుగురో తొమ్మిదిమందో ఆడపిల్లల బాధ్యతా ఈ యువకుని భుజాల మీద పడ్డాయి. ఆ చెల్లెళ్లను చూసుకోగలదన్న ఉద్దేశంతోనే ఆయన అంతకుముందు పెళ్లయిన ఒక స్త్రీని వివాహమాడారు. అలాంటి జాబిర్ (రజి)ని దైవప్రవక్త (స), మీ ఇంట్లో తివాచీలున్నాయా అని అడిగారు. మాకు తివాచీలెక్కడివి అన్నారాయన. త్వరలోనే మీకు అవి లభిస్తాయని దైవప్రవక్త (స) చెప్పారు. తరువాతి కాలంలో నిజంగానే ఆ ఇంటికి తివాచీలు వచ్చాయి. వాటిని చూస్తే జాబిర్ (రజి)కి ఇబ్బందిగా ఉండేది. తీసేయమని భార్యతో అనేవారు. ఆమె, మనకు తివాచీలు లభిస్తాయని దైవప్రవక్త (స) చెప్పలేదా అని గుర్తు చేసేది. అప్పుడాయన ఇక వాటిని అలాగే ఉండనిచ్చేవారు.

రెండవది హజ్రత్ ఫాతిమా (రజి) గారి ఇంటి సంఘటన. దైవప్రవక్త (స) ఒకసారి కుమార్తె ఇంటి దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెనుదిరిగారు. ఆమె కలత చెంది భర్త హజ్రత్ అలీ (రజి)కి చెప్పారు. ఆయన వెళ్లి విచారించగా, గుమ్మానికి రంగురంగుల పరదా చూశానని, ప్రాపంచిక అలంకరణలతో తనకేం పని అని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఆ పరదాను ఏం చేయమంటారో ఆజ్ఞాపించమని ఫాతిమా (రజి) కోరారు. అవసరంలో ఉన్న ఫలానా ఇంటివారికి పంపమని ఆయన చెప్పారు.

ఒక ఇంట్లో తివాచీ నిలిచింది. మరో ఇంట్లో పరదా దిగింది. ఎందుకని?

మాకు అర్థమైనంతలో ఇందులో వైరుధ్యం లేదు. వస్తువు హరామ్ అయివుంటే, దాన్ని మరో ఇంటికి పంపమని దైవప్రవక్త (స) చెప్పి ఉండేవారు కాదు. ఆ గుడ్డతో వేరొకరికి ఎక్కువ అవసరం ఉంది. తన సొంత బిడ్డ నుండి ఆయన అందరికంటే ఉన్నతమైన ప్రమాణాన్ని ఆశించారు. కాని జాబిర్ (రజి) ఇంటి విషయంలో ఆ ప్రమాణాన్ని చట్టంగా రుద్దలేదు. పైగా సుఖం రానున్నదని శుభవార్త వినిపించారు.

ఇక్కడ గమనించవలసిన మరో విషయం ఉంది. జాబిర్ (రజి)కి ఇబ్బంది కలిగింది నిజమే. పేదరికంలో, అప్పుల్లో కాపురం ప్రారంభించినవారి మనసుకు మెత్తని తివాచీ గుచ్చుకోవడం సహజం. అది ఈమాన్ తాలూకు సున్నితత్వమే. అయినా ఆయన తన మనసులోని ఇబ్బందిని భార్య మీద ఆజ్ఞగా మార్చలేదు. ఆమె మాట విన్నారు. ఆమె చెప్పిన ఆధారాన్ని అంగీకరించారు.

నిరాడంబరత కూడా ఆడంబరం కాగలదు

మేము కలిసిన అబ్బాయి విషయంలో లోపం ఇక్కడే ఉందనిపించింది. జహేజ్ నిరాకరించడం గొప్ప పని. కాని దాని తరువాత ఖాళీ ఇంటిని వచ్చినవారందరికీ చూపించి చెప్పుకోవడం మొదలైతే, సోఫాసెట్టు చూపించుకునేవారికీ మనకూ తేడా ఏముంటుంది? వస్తువు మారింది, ప్రదర్శన మారలేదు. రియా ఖరీదైన వస్తువుల్లోనే ఉండాలన్న నియమం లేదు. చిరిగిన చాప మీద కూడా అది హాయిగా కూర్చోగలదు.

పైగా ఈ నిరాడంబరత భారం ఎవరి మీద పడుతోంది? అతను పొద్దున వెళ్లి రాత్రికి వస్తాడు. పగలంతా ఆ కాగితాలంటించిన కిటికీ మధ్య గడిపేది ఆమె. అల్లుడికి ఏమీ పెట్టలేదా అన్న ఇరుగుపొరుగు మాటలు పడేది ఆమె. మన పేరుతో మరొకరు చేసే త్యాగం మన పుణ్యం ఖాతాలో ఎలా పడుతుంది?

మహర్ సంగతి ఇంకా స్పష్టం. నిసా సూరా 4వ ఆయతు ప్రకారం మహర్ స్త్రీ హక్కు. ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తే తప్ప భర్త దానిలోంచి ఒక్క రూపాయి తాకడానికి వీల్లేదు. దానిని ఆమె ఎలా ఖర్చు చేసుకోవాలో సలహా ఇవ్వవచ్చు గాని, అడ్డుపడే అధికారం అతనికి లేదు.

కిటికీ పరదా విషయానికి వస్తే, అది అలంకరణ కంటే ముందు అవసరం. ఇతరుల ఇంట్లోకి అనుమతి లేకుండా వెళ్లకూడదని నూర్ సూరా ఆదేశిస్తోంది. అనుమతి నియమం పెట్టిందే చూపు కారణంగా అని హదీసు తెలుపుతోంది. అలాగే భర్తకు ఒక పడక, భార్యకు ఒక పడక, మూడవది అతిథికి అని, నాలుగవది షైతానుకని ముస్లిం గ్రంథంలోని హదీసు భావం. ఆమె అడిగిన పరుపు ఆ మూడవదే!

దీని ఖరీదు ఎవరు చెల్లించారు?

మరి హద్దు ఎక్కడ? మన సమాజంలో అసలు రోగం మరోచోట ఉంది. కొత్త కాపురం పెట్టిన ఎన్నో ఇళ్లలోకి వెళ్లి చూడండి. డబుల్‌కాట్ మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబులు, ఫ్రిజ్, వాషింగ్ మెషీను కళకళలాడుతుంటాయి. చూసినవారు ఇల్లు ఎంత బాగుందో అంటారు. ఆ ఇంటి అలంకరణకు మరో ఊళ్లో ఒక తండ్రి నెలనెలా వడ్డీ కడుతుంటాడు. ఆ తండ్రి ఇంట్లో ఇంకా పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంటుంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అల్లాహ్ ధర్మం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, ఇవ్వవలసినవాడు వరుడని తీర్పు చెప్పింది. అయినా కట్నం ఆగలేదు.

కొందరు దీనికి ఫాతిమా (రజి) జహేజ్‌ను ఆధారంగా చూపుతారు. ఆమెకు ఇచ్చినవేమిటి? ఒక దుప్పటి, ఒక నీటితిత్తి, సుగంధపు గడ్డి కూరిన ఒక తోలు దిండు. అదీగాక అలీ (రజి) దైవప్రవక్త (స) సంరక్షణలోనే పెరిగారు. మహర్‌గా ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్నది ఒక యుద్ధ కవచం. ఆ కవచం సొమ్ముతోనే ఇంటి సామాను సమకూరిందని పలువురు పండితులు వివరించారు. వరుడు తన కవచాన్ని వదులుకున్న ఆ పెళ్లిని, వధువు తండ్రి చేత పొలం అమ్మించడానికి సాక్ష్యంగా తీసుకురావడం ఎంత అన్యాయం!

అప్పు అమ్మాయి తండ్రే చేయనక్కర్లేదు. వడ్డీతో కూడిన వాయిదాల మీద సోఫా తెచ్చుకుని, మొదటి ఏడాది అంతా ఆ వాయిదాల గురించే భార్యాభర్తలు గొడవపడితే, ఆ సోఫా ఇంట్లోకి ప్రశాంతతను తెచ్చిందా, తీసుకుపోయిందా?

ఖరీదు చెల్లించేవారు కొన్నిసార్లు మన కంటికి కూడా కనిపించరు. ఆ అబ్బాయి పనిచేసే ప్రాంతాన్నే చూడండి. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తిన తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మించబడ్డాయి. ఆ జలాశయాలు తరతరాలుగా నగరానికి తాగునీరు అందించాయి. వాటిని కాపాడటానికే 1996లో 111వ నంబరు జీవో ద్వారా మొయినాబాదు ప్రాంతంతో సహా 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టారు. ఎవరైనా ఆ ఆంక్షలను ఉల్లంఘించి కట్టుకుని ఉంటే, ఆ భవనానికి ఎన్ని దీపాలు వేలాడదీసినా, దాని ఖరీదులో కొంత దప్పికగొన్న ప్రజలు చెల్లించినట్లే.

గోడల సంగతి

గోడల గురించి కూడా ఒక మాట. ఆయతుల్ కుర్సీ ఫ్రేము గోడ మీద మెరుస్తుంటుంది, గలీఫులో చుట్టిన ఖుర్ఆన్ మీద మాత్రం దుమ్ము పేరుకుని ఉంటుంది. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ, మిరపకాయలు వేలాడదీసి, ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు సలామ్ చెప్పడం మరచిపోతాము. అల్‌బఖరా పారాయణం జరిగే ఇంటి నుండి షైతాను పారిపోతాడని హదీసులో ఉంది. అక్కడ చెప్పింది పారాయణం గురించి. ఇక బొమ్మలున్న పరదా విషయంలో హజ్రత్ ఆయిషా (రజి) ఏం చేశారో గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త (స) అభ్యంతరం చెప్పగానే ఆమె ఆ గుడ్డను దిండ్లుగా మార్చారు. దైవప్రవక్త (స) వాటిని ఆనుకుని కూర్చునేవారు. తప్పు సరిదిద్దబడింది, గుడ్డ వృథా కాలేదు, ఇంట్లో మనసులూ నొచ్చుకోలేదు.

ఆ ఇంట్లో మేము చెప్పింది

ఆ రోజు అబ్బాయితో ఇలా అన్నాము: “బేటా! నీవు జహేజ్ వద్దనుకోవడం అల్లాహ్ కోసం. కాబట్టి దాని గురించి అల్లాహ్‌కే తెలిసేలా ఉండనివ్వు. అమ్మాయి సొమ్ము అమ్మాయిది. జాబిర్ (రజి) విన్నట్టు నీవు కూడా ఆమె మాట విను.”

అమ్మాయితో ఇలా అన్నాము: “బేటీ! పరదా వేసుకో, తివాచీ పరచుకో, పరుపు కొనుక్కో. కాని వాయిదాల మీద ఏదీ తేవద్దు. నోళ్లు మూయించడానికి కొనడం మొదలుపెడితే ఆ నోళ్లు ఎప్పటికీ మూతపడవు. ఫాతిమా (రజి) ఇంటి పరదాను కూడా గుర్తుంచుకో. నీ వీధిలోనే ఆ గుడ్డ అవసరం నీకంటే ఎక్కువగా ఉన్నవారు కనిపిస్తే, ఇవ్వడానికి చెయ్యి వెనుకాడకూడదు.”

బయలుదేరుతూ కిటికీ గట్టు మీది చామంతులు చూసి, ఇవి బాగున్నాయి, ఎక్కడివని అడిగాము. అమ్మాయి నవ్వింది గాని చెప్పలేదు. అబ్బాయే సిగ్గుపడుతూ చెప్పాడు. పనికి వెళ్లే దారిలో పూలతోటలున్నాయట. జుమా రోజు సాయంత్రం తోటవాళ్ల దగ్గర నాలుగు పూలు కొని తనే తెస్తాడట.

అలంకరణే వద్దన్న ఆ అబ్బాయి, ఆ ఇంట్లోని ఒకే ఒక్క అలంకరణను తన చేత్తోనే తెచ్చాడు! భార్య ముఖంలో సంతోషం చూడటానికి తెచ్చాడు, ఎవరికీ చూపించడానికి కాదు. దానికోసం ఎవరూ అప్పు చేయలేదు, ఎవరి హక్కూ పోలేదు. హద్దు ఎక్కడుందో మా కంటే ముందు అతనికే తెలుసు. అదే కొలత పరదాకూ, తివాచీకీ వర్తిస్తుందని గ్రహించడమే మిగిలింది.

ఫిరౌను భార్య హజ్రత్ ఆసియా రాజభవనంలో ఉంటూ కూడా అల్లాహ్ సన్నిధిలో, స్వర్గంలో ఒక ఇల్లు కోరుకున్నారని తహ్రీమ్ సూరా తెలుపుతోంది. ఇక్కడి ఇళ్లన్నీ మనం ఖాళీ చేయవలసిన అద్దె ఇళ్లే. అల్లాహ్ మన యువ జంటల ఇళ్లను ప్రశాంత నిలయాలుగా చేయుగాక! వాటిలోకి హలాల్ అయినదే ప్రవేశించేలా, ఇతరుల కన్నీళ్లతో కొన్నదేదీ ప్రవేశించకుండా కాపాడుగాక! ఆమీన్.