టెన్షన్ తీసుకోకు అంటే సరిపోతుందా?

పదో తరగతికి వచ్చినప్పటి నుంచి నేను ఎక్కువగా విన్న మాట "టెన్షన్ తీసుకోకు". ఇంటికొచ్చిన చుట్టాలు అంటారు, పక్కింటి మామ అంటాడు, ఎన్ని మార్కులొస్తాయని రోజూ అడిగే నాన్న కూడా అంటాడు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాట ప్రకారం టెన్షన్ అనేది మనం చేయి చాచి తీసుకునేది, వద్దనుకుంటే మానేయొచ్చు. అలాగైతే టెన్షన్‌తో జబ్బు పడినవాళ్లది తప్పే అవుతుంది కదా? ఇది న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

ముందు శరీరం సంగతి చూద్దాం. భయం కలిగితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది, అరుగుదల మందగిస్తుంది. పామును చూసి పరుగెత్తాలంటే ఇదంతా కావాలి. వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. పాము వెళ్లిపోతే ఒళ్లు మళ్లీ మామూలవుతుంది. కానీ పరీక్ష, అప్పు, ఇంటి కిరాయి పాములాగా వెళ్లిపోవు, నెలల తరబడి ఇంట్లోనే ఉంటాయి. 1936లో హాన్స్ సెల్యే ఎలుకల మీద చేసిన ప్రయోగాల గురించి రాశాడు. వాటిని ఏ రకంగా కష్టపెట్టినా కడుపులో పుండ్లు పడ్డాయి, రోగాలను ఎదుర్కోవడానికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది.

ఎలుకలదాకా ఎందుకు, విద్యార్థుల సంగతే ఉంది. అమెరికాలోని ఒహాయోలో 11 మంది దంతవైద్య విద్యార్థులకు అంగిట్లో మూడున్నర మిల్లీమీటర్ల గాయం చేశారు. ఒకసారి ఎండాకాలం సెలవుల్లో, ఇంకోసారి పరీక్షకు మూడు రోజుల ముందు. (వాళ్లు ఒప్పుకుంటేనే చేశారు లెండి!) 1998లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పరీక్షల రోజుల్లో గాయం మానడానికి సగటున మూడు రోజులు, అంటే 40 శాతం, ఎక్కువ సమయం పట్టింది. సెలవుల్లో మానినంత త్వరగా ఒక్కరికీ మానలేదు. వాళ్లకు పరీక్షలేమీ కొత్త కాదు. చిన్నప్పటి నుంచి రాసి రాసి అంతదూరం వచ్చినవాళ్లే. అయినా అంగిట్లో ఉన్న గాయానికి "ధైర్యంగా ఉండు" అంటే వినిపిస్తుందా?

"అంతా మనసును బట్టే" అని మా పెద్దవాళ్లు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. రిచర్డ్ లాజరస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా ఒకే సంఘటన ఇద్దరికి ఒకేలా ఉండదన్నాడు. మనసు రెండు విషయాలు తూకం వేస్తుందట. ఇది నాకు ముప్పా? ముప్పయితే తట్టుకోవడానికి నా దగ్గర ఏముంది? మనవాళ్లు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారని నాకనిపిస్తుంది. రెండోదానికి జవాబు మనసులో మాత్రమే ఉండదు. చేతిలో డబ్బు, చదువుకోవడానికి టైము, అడిగితే చెప్పేవాళ్లు, ఇవన్నీ బయట ఉండేవి. ఒకరికి ఉంటాయి, ఒకరికి ఉండవు.

లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన పరిశీలన ఒకటుంది. అందులో గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయింది పెద్ద బాధ్యతలున్న ఆఫీసర్లు కాదు, కింది స్థాయి ఉద్యోగులు. సిగరెట్లు, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. తర్వాత 1985లో మొదలైన రెండో పరిశీలనలో, తన పని మీద తనకు అధికారం తక్కువ ఉన్నవాళ్లకే గుండెజబ్బు ముప్పు ఎక్కువని తేలింది. ఇది చదివినప్పుడు నాకు మా షోలాపూర్ ఆడవాళ్లు గుర్తొచ్చారు. మా అమ్మ ఇంట్లో బీడీలు చేస్తుంది. ఆకు ఎలాంటిది ఇస్తారో అమ్మ చేతిలో లేదు. చేసిన వాటిలో ఎన్ని బాగాలేవని పక్కన పడేస్తారో కూడా అమ్మ చేతిలో లేదు. పడేసిన వాటికి పైసలు రావు. అలాంటి మనిషితో "అమ్మా, టెన్షన్ తీసుకోకు" అనడానికి నాకు నోరు రాదు.

అలాగని మన చేతిలో ఏమీ లేదనడం కూడా తప్పే. అట్లా అనుకుంటే ఉన్న కాస్త పట్టు కూడా పోతుంది. నిద్రపోవడం, ఆడుకోవడం, మనసులోది ఎవరితోనైనా చెప్పుకోవడం మన చేతిలోనే ఉన్నాయి. కొద్దిపాటి ఒత్తిడి లేకపోతే నేను పుస్తకమే తెరవను, అదీ నిజమే. నేననేది ఏమిటంటే, సలహా ఇచ్చేవాళ్లకు కూడా ఒక బాధ్యత ఉంటుంది. ఎదుటివాడి దగ్గర లేనిదాంట్లో కొంచెమైనా వాళ్లు ఇవ్వగలరా అని చూసుకోవాలి.

మా క్లాసులో అందరి అసలు భయం పదోతరగతి పరీక్ష కాదు, ఆ తర్వాతి సంగతి. పదకొండులో సైన్సు ఇంగ్లీషులో చదవాలి. ఇన్నేళ్లు తెలుగులో నేర్చుకున్న కిరణజన్య సంయోగక్రియను అక్కడ ఏమంటారో తెలియకపోతే క్లాసులో బొమ్మలా కూర్చోవాలి. మా సైన్సు టీచరు దీని గురించి మాకు ఉపన్యాసం ఇవ్వలేదు. తొమ్మిదో తరగతి నుంచే ప్రతి పాఠానికి నోటుబుక్కులో రెండు గళ్లు గీయించారు, ఒకవైపు తెలుగు మాట, ఇంకోవైపు ఇంగ్లీషు మాట. రోజుకు ఐదారు మాటలే. మొదట్లో "ఇది పరీక్షలో రాదు కదా" అని సణిగినవాళ్లున్నారు. ఇప్పుడు నా నోటుబుక్కు దాదాపు నిండింది. కింది తరగతి పిల్లలు ఎత్తి రాసుకోవడానికి అడిగి తీసుకుపోతున్నారు.